గిన్నె మీది సింధూరం

నా పని జనాల మనసు విరిచే పని. సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గరి సందులో బంగారం పరీక్ష చేసే మెషిన్ పెట్టుకొని కూర్చుంటాను. గొలుసు తెచ్చి ఇస్తారు, పెట్టెలో పెట్టి మూత వేస్తాను, మెషిన్ దాని మీద ఎక్స్-రే కొడుతుంది. బంగారం ఎంత, రాగి ఎంత, వెండి ఎంత అని తెర మీద గీతలు లేస్తాయి. గీయనక్కర్లేదు, కరిగించనక్కర్లేదు. అత్తగారు పెట్టిన హారంలో సగం రాగే అని తేలితే మెషిన్‌ను ఎవరూ తిట్టరు, నన్ను తిడతారు. "నీ డబ్బా ఖరాబైంది" అంటారు. నాకు కోపం తొందరగా వస్తుంది. "డబ్బా మంచిగనే ఉన్నది, మీ అత్తనే ఖరాబున్నది" అని ఒకామెతో అన్నాను కూడా. ఆ తర్వాత చాలా రోజులు ఆ వాడకట్టు వాళ్ళెవరూ నా మెట్టెక్కలేదు.

ఇన్నేళ్ళలో తనకు నచ్చని రిజల్టు చూసి కూడా మెషిన్‌ను గానీ నన్ను గానీ ఒక్క మాట అననిది ఒక్కతే మనిషి. సుకన్య. ఆమె కథ ఎవరైనా రాస్తే బాగుండునని చూశాను. ఎవరూ రాసేటట్టు లేరు కనుక నేనే రాస్తున్నాను.

సుకన్యది నడిగూడెం దగ్గర ఒక తండా. ఇంట్లో లంబాడి భాష, బడిలో తెలుగు, ఉద్యోగంలో ఇంగ్లీషు. కోపం వస్తే మాత్రం మొదటిదే. నాది నిడమనూరు, మా నాయన గోపయ్య గొర్లు కాసేవాడు. డిగ్రీలో సూర్యాపేటలో మేమిద్దరం ఒకే క్లాసు. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో రావలసిన జవాబు పై క్లాసు వాళ్ళ నుంచి మాకు ముందే తెలిసిపోయేది. అందరం అదే రాసి, దానికి సరిపోయేటట్టు మధ్యలో లెక్కలు అల్లి, క్యాంటీన్‌కు పోయేవాళ్ళం. సుకన్య మాత్రం తనకు ఏది వస్తే అది రాసేది. మార్కులు పోయేవి. "అందరికీ ఒకటి వస్తే నీకు ఇంకోటి ఎందుకు వస్తదే?" అని అడిగితే, "ఎందుకో నాకు తెల్వదు. నాకు ఇదే వచ్చింది" అనేది. అప్పుడు మాకు అది మొండితనంలా కనిపించి నవ్వుకున్నాం.

ఇప్పుడు ఆమె మిర్యాలగూడ దాటి కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కెమిస్టు. గనిలో తవ్విన రాయిని మెత్తగా పొడి చేసి, బిళ్ళగా వత్తి, ఎక్స్-రే మెషిన్‌లో పెట్టి, అందులో సున్నం ఎంత, ఇసుక ఎంత, ఇనుము ఎంత అని చెప్పాలి. వాళ్ళ మెషిన్ నా డబ్బాకు పెద్దన్న లాంటిది. చేసే పని ఒక్కటే, కాకపోతే దానికి ఇంకా లోతుగా కనిపిస్తుంది. కొత్తలో అక్కడి మగవాళ్ళు ఈ పిల్ల రాళ్ళు మోస్తుందా అని మూతి విరిచారట. మోసింది. ఇప్పుడు ఆమె సంతకం లేకపోతే కొలిమిలోకి పిండి పోదు. ఈ మాట ఆమె భర్త విజయ్ చెప్పాడు. ఆమె చెప్పుకోదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళ దాదీని, అంటే నాయనమ్మను, వెంటబెట్టుకొని నా దుకాణానికి వచ్చింది. ఆమె పేరు భూలి. అద్దాల రవిక, మోచేతుల దాకా గాజులు, నోట్లో ఎప్పుడూ వక్క. చెంపల పక్కన జుట్టుకు వేలాడే తన పాత నగలను విప్పి, "వెండియా కాదా జర సూడు కొడుకా" అన్నది. చూశాను. వెండి పేరుకే ఉంది, మిగతాదంతా రాగీ నికెలూ. పెద్దమనిషి ముఖం మీద ఎట్లా చెప్పాలో తోచక నేను గొంతు సవరించుకుంటుంటే, సుకన్య తెర చూసి "దాదీ, వెండి కాదే" అని చెప్పేసింది. భూలి పకపకా నవ్వింది. "నాకెర్కనే. నువ్వు సెప్తవా సెప్పవా అని సూసిన" అన్నది. ఎవరు ఎవరిని పరీక్ష చేశారో అప్పుడు అర్థమై నేనూ నవ్వాను.

ఇక అసలు సంగతికి వస్తాను. వాళ్ళ తండాలో మేరమ్మ గుడి ఉంది. చిన్న గది, తెల్ల జెండా. అందులో ఒక పింగాణి గిన్నె ఉంటుంది. రెండు అరచేతుల్లో కూర్చునేంత. తెల్లటి ఒంటి మీద నీలం తీగలు. అమ్మవారికి భోగ్, అంటే నైవేద్యం, పెట్టే రోజున నెయ్యి ఆ గిన్నెలోనే తెస్తారు. తండాకు కొత్త కోడలు వస్తే ఇంటి గడప కంటే ముందు గుడికి పోయి, నెయ్యిలో తడిపిన సింధూరం ఆ గిన్నెకు అద్దాలి. అద్దింది ఎవరూ తుడవరు. ఎన్ని తరాల కోడళ్ళ సింధూరమో, అంచు చుట్టూ పొరలు పొరలుగా గట్టిపడి, నీలం తీగలు అడుగున కొద్దిగానే కనిపించేవి. ఈ గిన్నె ఎక్కడిదంటే భూలి చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. "మావోళ్ళు ఎడ్ల మీద బందరు నుంచి ఉప్పు తెచ్చేటోళ్ళు. ఉప్పుతోటి గిది గూడ వచ్చింది. తండ కట్టకముందు సంది ఉన్నది."

కోదాడ పక్కన ఒక పాత గడి, అంటే దొరల కోట లాంటి ఇల్లు, ఉంది. ఊరి పేరు చెప్పను, వాళ్ళతో ఇప్పుడు మాట మంచిగుంది. గడి వారసుడు సుధాకర్ హైదరాబాద్‌లో వ్యాపారం చేసి, కూలిన గోడలు కట్టించి, హైవే మీద పోయే జనం ఆగి చూసేటట్టు రెండు గదుల్లో పాత సామాన్లు అమర్చాడు. కత్తులు, పల్లకీ, వాటితో పాటు నీలం పూల పింగాణి సెట్టు. పన్నెండు గిన్నెలుండాల్సిన సెట్టులో ఒకటి తక్కువ. ఎందుకు తక్కువ అంటే గడిలో తాతల నాటి నుంచి ఒకటే మాట. తండావాళ్ళు ఎత్తుకపోయారని.

ఆ మాటను సుధాకర్ బోర్డు మీద రాయించబోయాడు. బోర్డులు చేసే సోమన్న విజయ్‌కు దోస్తు. ప్రింటుకు ముందు ఫోన్‌లో ఫోటో పంపాడు. "ఈ సెట్టులోని ఒక గిన్నెను సమీప తండావాసులు దొంగిలించారు. అది నేటికీ వారి వద్దనే ఉన్నది." అంతే, రెండు ముక్కలు. ఒకప్పుడు సర్కారు కాగితాల మీదే ఆ జాతి మొత్తాన్ని దొంగల కింద రాసిన రోజులున్నాయి. కాగితాలు పోయాయి గానీ మాట పోలేదు. సుకన్య ఆ ఫోటో పట్టుకొని నా దుకాణానికి వచ్చింది.

"మా బిడ్డ బడి పిల్లలను ఆ గడికి తీస్కపోతరంట" అన్నది. "దానికి తెలుగు మంచిగొస్తది. టీచర్ సదవమంటే ముందు అదే నిలబడి గట్టిగ సదువుతది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయి ఆ బోర్డు పగలగొడదామన్నాను. ఆమె "పగలగొడితే దొంగలతో పాటు రౌడీలు అని కూడ రాస్తడు" అని నన్ను కూర్చోబెట్టింది.

ఇద్దరం గడికి పోయాం. సుధాకర్ మర్యాదస్థుడే. కుర్చీలు వేయించాడు, టీ ఇప్పించాడు. ఎదుటివాడు మర్యాదగా ఉంటే కోప్పడడానికి కూడా చోటుండదు. "మా తాతగారు చెప్పిన మాటండీ. మీ మీద నాకేం కోపం లేదు" అన్నాడు.

"కోపం లేకుండనే రాస్తున్నరు సార్. అదే బాధ" అన్నది సుకన్య. తర్వాత తన బేరం చెప్పింది. సెట్టులో పగిలిన ముక్క ఒకటి ఇవ్వాలి. దాన్నీ, తండా గిన్నెనూ రెంటినీ పరీక్ష చేస్తుంది. వచ్చింది వచ్చినట్టు చెబుతుంది. రెండూ ఒకే రకం సరుకైతే తాను బోర్డుకు అడ్డం రాదు. వేరువేరైతే ఆ లైను తీసేయాలి. సుధాకర్ కొంచెం ఆలోచించి, లోపలికి పోయి, పగిలిన సాసరు ముక్కను కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాడు.

దారిలో బండి ఆపి మరీ తిట్టాను. "అడ్డం రాను అని ఎందుకన్నవ్? ఒక్కటే సరుకని తేలితే?"

"తేలితే దొంగతనం రుజువైనట్టు కాదు. ఒక్క కొట్టుల కొన్నోళ్ళందరు దొంగలా? గానీ ధర్మేందర్, ఆయన నా మాట నమ్మాలంటే నేను ఓడిపోయే దారి గూడ ఒకటి ఉంచాలె గద."

సాసరు ముక్కను పై అధికారిని అడిగి ఫ్యాక్టరీ ల్యాబులో పొడి చేసింది. వచ్చిన రిజల్టు నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది, మీకూ అట్లాగే చెబుతాను. చూడడానికి అన్నీ తెల్ల పింగాణే గానీ లోపల ఒకటి కాదు. చీనావాళ్ళ పాత పింగాణి మెత్తని తెల్ల మట్టీ, పొడి కొట్టిన ఒక రకం రాయీ కలిపి, సిమెంటు కొలిమి వేడికి దగ్గరి వేడిలో కాల్చింది. నీలం బొమ్మ గీసి దాని మీద పోసే గాజు పూతలో సున్నం ఉంటుంది, సీసం ఉండదు. ఇంగ్లండు వాళ్ళు ఆ పింగాణిని చూసి ముచ్చటపడి తమ దేశంలో తమ పద్ధతి ఒకటి కనిపెట్టారు. పశువుల బొక్కలు, అంటే ఎముకలు, కాల్చిన బూడిదను మట్టిలో కలిపారు, పూతలో సీసం వేశారు. సాసరు ముక్కలో బొక్కల బూడిదా ఉంది, సీసమూ ఉంది. అంటే గడి సెట్టు చీనాది కానే కాదు, ఇంగ్లండు ఫ్యాక్టరీ సరుకు.

ఈ సంగతి సుధాకర్‌కు ఫోన్‌లో చెబుతుంటే, వెనక నుంచి ఆయన తల్లి దుర్గమ్మ గొంతు మాకు వినిపించింది. "బొక్కలా? ఏండ్ల సంది శనివారం ఉపాసం ఇడిసేది వీటిల్లనే గదరా!" ఆ రోజు నుంచి ఆమె స్టీలు పళ్ళెంలోకి మారిందని విన్నాను.

ఇక మిగిలింది తండా గిన్నె. దాన్ని పొడి చేయలేం, ఫ్యాక్టరీ గేటు దాటించలేం. నా డబ్బా అయితే ముక్క పోకుండా చూస్తుంది. బొక్కల బూడిదను అది పట్టలేదు గానీ సీసాన్ని పడుతుంది. ఆ ఒక్కటి చాలన్నది సుకన్య.

భూలి గిన్నెను దుప్పటిలో చుట్టి, ఆర్టీసీ బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చింది. అప్పుడే ఒక పెళ్ళివారు బంగారంతో వచ్చి కూర్చున్నారు. "జర జరగండి, అమ్మవారొచ్చింది" అని భూలి అనేసరికి వాళ్ళు లేచి నిలబడ్డారు. అగరొత్తి వెలిగించబోతే మెషిన్‌కు పొగ పడదని బతిమాలాను. గిన్నె పెట్టెలో సరిగ్గా పట్టింది, మూత పడింది. సింధూరం గడ్డ కట్టిన చోట్లు వదిలేసి, శుభ్రంగా కనబడిన చోట్లు చూసుకొని మెషిన్ నడిపాను. తెర మీద గీత లేచింది.

సీసం.

గిన్నెను తిప్పి ఇంకో వైపు చూశాం. సీసమే. అడుగున చూశాం. అక్కడా సీసమే. దాని పక్కన మిగతా గీతలు మసక మసకగా ఉన్నాయి. సుకన్య ముఖం పాలిపోయింది. నాకు ఒక్కటే తోచింది, నోరు మూసుకొని గిన్నెను ఇంటికి పంపి, ఇంకో దారి చూసుకుందామని. ఆమె ఫోన్ తీసి సుధాకర్‌కు కలిపింది. చేయి పట్టుకొని ఆపాను. "ఒక్క రోజు ఆగరాదా?"

"నాకు మంచిగొస్తే ఆగుతుంటినా?" అన్నది. నా చేయి దానంతటదే వదిలేసింది.

సుధాకర్ విని, "అయితే బోర్డు ప్రింటుకు ఇచ్చేయమంటారా?" అని మెల్లగానే అడిగాడు. "నేను ఇయ్యమనను, వద్దనను సార్. చెప్తనన్నది చెప్పిన" అని పెట్టేసింది. భూలికి ఎవరూ విప్పి చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. గిన్నెను మళ్ళీ దుప్పటిలో చుట్టుకొని, బస్టాండు దాకా తల వంచుకొని నడిచింది. ఆ నడక చూసి ఆ రోజంతా నేను మనిషిని కాలేకపోయాను.

తెల్లారి నేను షట్టర్ ఎత్తేటప్పటికే సుకన్య మెట్ల మీద కూర్చొని ఉంది. చేతిలో ఫోన్, అందులో నిన్నటి గీతల ఫోటోలు.

"ఇది సూడు. గిన్నెను పూతల ముంచి తీస్తరు. పూతలనే సీసం ఉంటే గిన్నె అంతట ఒక్క తీరుగనే ఉండాలె. అంచు కాడ ఇంతెత్తున లేచింది, అడుగున ఇంతే ఉన్నది. ఎందుకు?"

 ఆమె తన పాపట మీద వేలు పెట్టుకొని, కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తోంది.

"సింధూరం" అన్నది. "మా గుడిల సింధూరం అంటే ఏంది ధర్మేందర్? సీసం కాల్చి చేసిన పొడి. ఎమ్మెస్సీల చదివిన. పరీక్షల రాసిన. నెయ్యిల కలిసి గిన్నె ఒళ్ళంత పాకింది. మనం చూసింది గిన్నెను కాదు, దాని మీది జిడ్డును."

అంత చదువుకున్న మనిషికి అది ముందే ఎందుకు తట్టలేదని మీరడగవచ్చు. నేనూ అడిగాను. "పుట్టినప్పటి సంది సింధూరంతోనే చూసిన. నాకు గిన్నె అంటే అట్లనే ఉంటది. అది వేరే వస్తువని తోచలే" అన్నది. నిజమే. బయటివాడైతే మొదటి మాటగా "ఈ ఎర్రది ఏంది?" అని అడిగేవాడు. పసుపు కడగనిదే పుస్తెలను నేను మెషిన్‌లో పెట్టనివ్వను, ఆడవాళ్ళను పంపు దగ్గరికి తోలుతాను. అలాంటి నాకు కూడా అమ్మవారి గిన్నెను కడగమనే మాట నోట్లోకి రాలేదు. ఈ తప్పు చేయాలంటే ఆ తండా బిడ్డే అయి ఉండాలి, లేదా నాలాంటి భయస్థుడై ఉండాలి.

కానీ తుడవని సింధూరాన్ని కడగడం ఎట్లా? ఆదివారం తండాకు పోయాం. గుడి ముందు ఆడవాళ్ళంతా చేరారు. సుకన్య తల్లి కమల మొదటే అడ్డం తిరిగింది. "కోడండ్లు పెట్టిన సింధూరం కడిగితే ఇండ్లు నిలుస్తయా?" అని కూతురి మీద లేచింది.  సుకన్య ఎవరితోనూ వాదించలేదు. భూలి ముందు గొంతుక్కూర్చొని, తెలుగు లంబాడి కలిపి, ఉన్నదున్నట్టు చెప్పింది. కడగకపోతే మెషిన్‌కు గిన్నె కనిపించదు, బోర్డు అట్లనే ఉంటది. కడిగితే ఈ పొరలు మళ్ళీ రావు. ఏది చేయాలన్నా నువ్వే చెప్పాలె.

"కడిగినంక గూడ సీసమే ఉంటే?" అన్నది భూలి.

"ఉంటే ఉన్నదని మళ్ళ ఫోన్ చేస్త దాదీ."

భూలి ఆమెనే చూస్తూ కాసేపు వక్క నమిలింది. "నువ్వు జేస్తవు. గందుకే కడుగుత" అన్నది. "నీళ్ళు కాగబెట్టుండ్రి. కుంకుడుకాయ తేండ్రి."

తన చేతులతో తానే కడిగింది. నురుగు పెట్టి, గుడ్డతో మెల్లగా రుద్దుతూ, పొర ఊడినప్పుడల్లా పేరు చెప్పింది. ఇది చిన్న కోడలిది. ఇది నడిపి కోడలిది. ఇది కమలది, ఆ ఏడు వానలు మస్తు పడ్డయి. ఇది నాది. తనది అన్నప్పుడు చేయి కొంచెం ఆగింది. ఆ తర్వాత కూడా ఎర్రటి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. "ఇగ ఇయ్యి ఎవ్వలెవ్వలియో. నాకు తెల్వదు" అన్నది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. 

ఆ నీళ్ళను సుకన్య నేల మీద పోయనివ్వలేదు. క్యాన్‌లో నింపి మూత బిగించింది, ల్యాబులో పారేసే పద్ధతి వేరే ఉందని. అక్కడితో ఆగలేదు. ఇక మీదట గిన్నెకు పసుపుతో చేసిన కుంకుమే పెట్టాలని, ఈ గిన్నెలో తెచ్చిన నెయ్యిని పిల్లలు నాకుతారని, సీసం వాళ్ళ తలకాయలకు మంచిది కాదని అక్కడే పాఠం చెప్పింది. "వచ్చిన పని జూస్కొని పోవే" అని కమల విసుక్కున్నది గానీ, ఆ మాట మాత్రం బుర్రలోకి ఎక్కించుకుంది.

అప్పుడు చూశాం గిన్నెను. అంచు కింద చుట్టూ తామర తీగ, దాని మధ్య విచ్చిన పువ్వు, ఆ నీలం అక్కడక్కడ చిక్కబడి నల్లగా గడ్డకట్టినట్టు ఉంది. ఎవరో ఎక్కడో కూర్చొని కుంచెతో ఒక్క ఊపులో గీసిన తీగ. తండా వాళ్ళెవరూ పుట్టి దాన్ని పూర్తిగా చూడలేదు. భూలి కూడా అదే మొదటిసారి చూడడం.

మళ్ళీ బస్సు, మళ్ళీ నా డబ్బా.  మూత వేసి మెషిన్ నడిపాను. సీసం గీత ఉన్న చోట నేల మట్టంగా ఉంది. తిప్పి తిప్పి చూశాం, ఎక్కడా లేదు. నీలం మీద పెట్టినప్పుడు మాత్రం మొన్న మసకగా ఉన్న గీతలు రెండు నిటారుగా లేచాయి. ఒకటి కోబాల్టు, నీలం రంగు ఇచ్చేది. దాని పక్కన దానికంటే ఎత్తున మాంగనీసు. సుకన్య కుర్చీలో వెనక్కి వాలింది. చీనా కొండల్లో దొరికే నీలం రాయిలో మాంగనీసు కలిసే ఉంటుందట. పాతకాలం వాళ్ళు దాన్ని విడదీయకుండానే నూరి గీసేవారు. ఇంగ్లండు ఫ్యాక్టరీలది శుద్ధి చేసిన రంగు, అందులో మాంగనీసు దాదాపు ఉండదు. హైదరాబాద్‌లో తనకు చదువు చెప్పిన ప్రొఫెసర్‌కు గీతలు పంపితే, ఇది పాత చీనా నీలమేనని ఆయనా అన్నాడు.

"ఎన్నేండ్లదని చెప్పు, బోర్డు మీద రాపిద్దాం" అని నేను ఎగిరాను. "మెషిన్ వయసు చెప్పదు. నువ్వు దిగు" అన్నది. అయినా నవ్వు ఆపుకోలేకపోయింది. భూలి మెషిన్‌కు దండం పెట్టి, దాని మూతకు కుంకుమ బొట్టు పెట్టింది. నేను ఇప్పటికీ చెరపలేదు.

సుకన్య స్పీకర్ పెట్టి సుధాకర్‌కు అంతా చెప్పింది. మొదటిసారి తాను తప్పు చూసిందని, ఎందుకు తప్పిందో, గిన్నెను ఎట్లా కడిగారో, దేన్నీ దాచలేదు.  అంతా విని సుధాకర్, "మీరు ఆ రోజు సీసం ఉందని మీ అంతట మీరే ఫోన్ చేశారు కదండీ. ఇవాళ చెప్పింది నమ్మకపోతే నేను మనిషిని కాదు. ఆ లైను తీసేస్తున్నాను" అన్నాడు. నేను గల్లాపెట్టె మీద గట్టిగా చరిచాను. అంతలోనే ఆయన ఇంకో మాట అన్నాడు. "మరి మా పన్నెండో గిన్నె ఏమైనట్టు?"

"అది నాకు తెల్వదు సార్."

"సరే. దాని బదులు ఇట్లా రాద్దామండీ. తండావాసుల పూర్వీకులు చీనా గిన్నెను బందరు నుంచి ఎడ్ల మీద తెచ్చారని శాస్త్రీయ పరీక్షలో తేలింది అని."

భూలి ముఖం వెలిగిపోయింది. సుకన్య ముఖం మాత్రం అట్లాగే ఉంది. "వద్దు సార్. పరీక్షల అట్ల తేలలే" అన్నది.

నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. గెలిచిన ఆట చేతిలో పెడుతుంటే వద్దంటుంది! భూలి అయితే ఉగ్రురాలైంది. "అంటే నేను సెప్పేది అబద్ధమానె? నీ డబ్బ సెప్తేనే నిజమా?"

"అబద్ధమనలే దాదీ. సరుకేందో మెషిన్ చెప్పింది. ఎవరు తెచ్చిన్రో నువ్వు చెప్పినవ్. మెషిన్ చెప్పనిది మెషిన్ మీద ఎందుకు పెట్టాలె? నీ మాటకు నీ పేరు చాలదా?"

 ఆ చివరి మాట భూలికి ఎక్కడో తగిలింది. ఫోన్‌లో సుధాకర్ కూడా విన్నాడు.

గదులు తెరిచిన రోజు మేమంతా పోయాం. బోర్డు పెద్దదే. సెట్టు ఇంగ్లండు సరుకని, బొక్కల బూడిదతో చేసిందని రాశారు. దుర్గమ్మ ఆ మాట దగ్గర ఆగకుండా ముందుకు నడిచింది. కింద ఇంకో రెండు వాక్యాలు. భూలి నా భుజం తట్టి, "సదువు కొడుకా" అన్నది. చదివాను. "సమీప తండాలో ఉన్న నీలం గిన్నె ఈ సెట్టులోనిది కాదు, పాత చీనా పింగాణి అని కెమిస్టు సుకన్య పరీక్షలో తేలింది. దాన్ని తమ పూర్వీకులు బందరు నుంచి ఎడ్ల మీద తెచ్చారని ఆ తండా పెద్ద భూలి చెప్పారు."

"నా పేరున్న కాడ ఇంకోపాలి సదువు." మళ్ళీ చదివాను. తలాడించింది.

సుధాకర్ చేతులు కట్టుకొని దగ్గరికి వచ్చాడు. "గిన్నెను కూడా ఇక్కడే పెడితే జనం చూస్తారు కదమ్మా. అద్దాల బీరువా చేయిస్తాను."

"గిన్నె గీడికి రాదు చిన్నదొరా" అన్నది భూలి. అలవాటు మాట. సుకన్య కళ్ళెర్ర చేసేసరికి సర్దుకొని, "సుధాకరూ" అన్నది. "మీ తాత మా తండకు మస్తుపాలి వచ్చిండు. ఎప్పుడొచ్చినా దొంగను పట్టనీకే వచ్చిండు. నువ్వు గిన్నె సూడనీకి రా."

వస్తానని అందరూ అంటారు. అతను ఆ సాయంత్రమే వచ్చాడు. ఒక్కడే వచ్చి, గుడి బయట చెప్పులు విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. కమల చాప వేసింది. భూలి లోపలికి పోయి గిన్నె తెచ్చింది. వందేళ్ళ నుంచి ఎవరి నోట తమకు దొంగలన్న పేరు పడిందో, ఆ ఇంటి మనిషి అరచేతుల్లో దాన్ని తానే పెట్టింది.

"రెండు చేతులతోటి పట్టుకో బిడ్డా" అన్నది. "పగిలితే నువ్వు గాదు, మేమే పగలగొట్టినమంటరు."

సుధాకర్ తల ఎత్తలేదు. గిన్నెను గుండెకు ఆనించుకొని, అది ఎవరైనా తీసుకునేదాకా అట్లాగే కూర్చున్నాడు.